తరగతి గది నుండి పాలనాపీఠానికి: సినారె వృత్తిగమనం – చందుర్తి ప్రాంత ప్రధానోపాధ్యాయుని భాషాకర్తవ్యం

వ్యాససంగ్రహం:
బోధన నుండి పాలనకు మారడాన్ని సాధారణంగా పదోన్నతిగా, అధికార వ్యవహారంగా మాత్రమే చూస్తారు. ఆ మార్పు ప్రధానంగా భాషలో జరిగే మార్పు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉపాధ్యాయుని వాక్యం ప్రశ్నను ఆహ్వానిస్తుంది. కార్యాలయ వాక్యం అమలును కోరుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఆచార్య సి. నారాయణరెడ్డి వృత్తిగమనం ఆధారంగానూ, ఆయన స్వగ్రామమైన హనుమాజీపేటకు పొరుగున ఉన్న చందుర్తి ప్రాంతంలో ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నిర్వహించే పనుల ఆధారంగానూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బోధన, పాలన, ప్రధానోపాధ్యాయుడు, సి. నారాయణరెడ్డి, అధికార భాష, లిప్యంతరీకరణ, చందుర్తి, సిరిసిల్ల.

1. ఉపోద్ఘాతం

'ప్రధానోపాధ్యాయుడు' అనే పదంలోనే ఒక విశేషం ఉంది. ప్రధానుడైన ఉపాధ్యాయుడు అని దీనికి విగ్రహవాక్యం. ఇది విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం. ఇక్కడ విశేష్యం ఉపాధ్యాయుడే, 'ప్రధాన' శబ్దం విశేషణం మాత్రమే. 'ప్రిన్సిపాల్' అనే ఆంగ్లపదం కూడా తొలుత 'ముఖ్య ఉపాధ్యాయుడు' అనే అర్థంలో విశేషణంగా వాడబడి, కాలక్రమంలో నామవాచకమైంది. తెలంగాణ పల్లెల్లో వినిపించే 'పెద్దసారు' అనే మాట కూడా ఇదే భావాన్ని నిలుపుకుంది. ఆయన సార్లలో పెద్దవాడే గాని సార్ల వర్గానికి బయటివాడు కాడు. పేర్లన్నీ ఉపాధ్యాయత్వాన్ని నిలుపుకోగా, ఆ పదవిలో చేరిన వ్యక్తి దినచర్య మాత్రం దస్త్రాలకూ, బిల్లులకూ, సమావేశాలకూ మళ్లుతుంది. పేరుకూ పనికీ మధ్య ఉన్న ఈ వైరుధ్యమే ప్రస్తుత పరిశీలనకు ప్రాతిపదిక.

ఈ విషయాన్ని తెలుగు పరిశోధకులు పట్టించుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, విశ్వవిద్యాలయాలలో తెలుగు చదివిన వారిలో చాలామంది పాఠశాల ఉపాధ్యాయులుగా స్థిరపడి, తరువాతి దశలో పాలనా బాధ్యతలు స్వీకరిస్తారు. రెండు, పాలన నడిచేది భాషలోనే. ఉత్తర్వు, నోటీసు, ధ్రువపత్రం, రిజిస్టర్ అన్నీ భాషారూపాలే. అయినా మన పాఠ్యప్రణాళికలలో కావ్యభాషకూ పత్రికాభాషకూ దక్కిన స్థానం కార్యాలయ భాషకు దక్కలేదు.

2. ప్రాంత నేపథ్యం

చందుర్తి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని మండలం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఇది రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. ఒకవైపు వేములవాడ, సిరిసిల్ల, మరొకవైపు కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలతో దీనికి నిత్యసంబంధం ఉంది. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. పరిసర గ్రామాలలో బీడీలు చుట్టడం స్త్రీలకు ప్రధాన జీవనాధారాలలో ఒకటి. పురుషులు గల్ఫ్ దేశాలకు వలస వెళ్లడం దశాబ్దాలుగా సాగుతున్నది. ఈ మూడు అంశాలూ ఇక్కడి పాఠశాల పాలనను ఎలా ప్రభావితం చేస్తాయో 5వ విభాగంలో చూడవచ్చు.

ఆచార్య సింగిరెడ్డి నారాయణరెడ్డి 1931 జులై 29న వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో జన్మించారు. నాటి నిజాం రాష్ట్రంలో పాఠశాల విద్య ఉర్దూ మాధ్యమంలో ఉండేది. ఆయన సిరిసిల్లలోనూ, కరీంనగర్‌లోనూ ఆ మాధ్యమంలోనే చదివారు. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలోనూ కచేరీలోనూ నడిచే భాష మరొకటి అయిన తరం అది. ప్రభుత్వం ఏ భాషలో మాట్లాడుతుందన్న ప్రశ్న ఆ తరానికి అనుభవం నుండి పుట్టిన ప్రశ్న. ఆయన తరువాతి కాలంలో అధికార భాషా సంఘానికి అధ్యక్షులు కావడాన్ని ఈ నేపథ్యంలో చూడటం సముచితం.

3. సినారె వృత్తిగమనం: రెండు దశలు

నారాయణరెడ్డి వృత్తిజీవితాన్ని స్పష్టంగా రెండు దశలుగా విభజించవచ్చు.

మొదటిది బోధన దశ (1955–1981). 1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి తెలుగు ఎం.ఏ. పట్టం పొందిన ఆయన 1955లో సికింద్రాబాదులోని ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. 1958లో నిజాం కళాశాలకు మారారు. 1962లో 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు' అనే పరిశోధనకు పిహెచ్.డి. పొందారు. 1963లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రీడర్‌గా చేరి, 1976లో ఆచార్యులయ్యారు. ఈ దశ దాదాపు 26 సంవత్సరాలు.

రెండవది పాలన దశ (1981–1992). 1981లో ఆయన ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘం అధ్యక్షులయ్యారు. 1985లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, 1989లో తెలుగు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా నియమితులయ్యారు. ఈ దశ సుమారు 11 సంవత్సరాలు. 1980లో వెలువడిన 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించినది ఈ దశలోనే.

ఈ మూడు పదవులనూ వరుసలో పెట్టి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది.

అధికార భాషా సంఘం పని, ప్రభుత్వ కార్యాలయాలలో తెలుగు అమలును పర్యవేక్షించడం. 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగును అధికార భాషగా ప్రకటించగా, 1974లో ఏర్పడిన ఈ సంఘానికి వావిలాల గోపాలకృష్ణయ్య తొలి అధ్యక్షులు. కవిత్వ చరిత్రను బోధించిన ఆచార్యునికి ఇక్కడ ఎదురయ్యే పాఠ్యాలు జీవోలు, నోటీసులు, దరఖాస్తులు.

సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. దానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఆ సంస్థ స్వరూపం ప్రత్యేకమైనది. అక్కడ రోజువారీ తరగతి ఉండదు. విద్యార్థి ముఖం చూసి, అతనికి అర్థం కాలేదని గ్రహించి, మరోమాటలో చెప్పే వీలు ఉండదు. ముద్రిత పాఠమే అధ్యాపకుడు. కాబట్టి అక్కడ స్పష్టత బోధనా లక్షణం మాత్రమే కాదు, సంస్థ నిలబడటానికే షరతు.

తెలుగు విశ్వవిద్యాలయం 1985 డిసెంబరు 2న ఏర్పడింది. తూమాటి దోణప్ప తొలి ఉపాధ్యక్షులు. అంతకుముందు విడివిడిగా పనిచేసిన సాహిత్య, సంగీత నాటక, లలితకళా అకాడమీల బాధ్యతలు ఈ సంస్థలోకి వచ్చాయి. ఇక్కడ విషయమూ తెలుగే, పాలనా తెలుగులోనే సాగవలసిన సందర్భమే.

అంటే నారాయణరెడ్డి పాలనలోకి వెళ్లినప్పటికీ ఆయన విషయం మారలేదు. మారినది విషయంతో ఆయన వ్యవహరించిన తీరు. మొదటి దశలో భాష బోధ్యాంశం. రెండవ దశలో భాషే పాలనాంశం.

4. ఉమ్మడి కరీంనగర్ నుండి మరో రెండు ఉదాహరణలు

తులనాత్మక పరిశీలనకు అదే జిల్లాతో సంబంధమున్న మరో ఇద్దరిని స్మరించవచ్చు.

విశ్వనాథ సత్యనారాయణ 1959 నుండి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. అప్పటికి ఆయన బందరు, గుంటూరు, విజయవాడలలో దీర్ఘకాలం బోధించారు. వయస్సు 60 దాటింది. బోధనాజీవితం చివర లభించిన ఆ స్వల్పకాలిక బాధ్యత ఆయనకు వృత్తిలో కొత్త దశ కాలేదు. ఆయనను గుర్తుంచుకునేవారు గురువుగా, రచయితగా గుర్తుంచుకుంటారే గాని పాలకునిగా కాదు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాకే చెందిన ఆచార్య జి. రాంరెడ్డిది భిన్నమైన మార్గం. ఆయన రాజనీతి, ప్రభుత్వ పాలనా శాస్త్రాల ఆచార్యులు. పంచాయతీరాజ్ పై పరిశోధన చేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసి, 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయ తొలి ఉపాధ్యక్షులయ్యారు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయ తొలి ఉపాధ్యక్షులుగా వెళ్లారు. ఆయన బోధించిన శాస్త్రమే పాలన. అందువల్ల తరగతి నుండి కుర్చీకి మారడం ఆయన విషయంలో సిద్ధాంతం నుండి ప్రయోగానికి మారడం.

ఈ మువ్వురిలో సామాన్య పాఠశాల ఉపాధ్యాయునికి దగ్గరగా ఉన్నది నారాయణరెడ్డి మార్గమే. ఆయనలాగే పాఠశాల ఉపాధ్యాయుడు కూడా పాలనాశాస్త్రం చదవకుండానే, తన విషయజ్ఞానాన్నే పెట్టుబడిగా పాలనలో అడుగుపెడతాడు.

5. ఉన్నత పాఠశాల: కుర్చీ మారినప్పుడు మారేవి

తెలంగాణలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గెజిటెడ్ ప్రధానోపాధ్యాయ పదవికి స్కూల్ అసిస్టెంట్ల నుండి పదోన్నతి లభిస్తుంది. సర్వీసుతో పాటు శాఖాపరమైన పరీక్షలలో ఉత్తీర్ణత అవసరం. ఆ పరీక్షలు ఆర్థిక నియమాలూ, సేవా నియమాలూ తెలుసునా అని అడుగుతాయి. నోటీసు రాయడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, సహోద్యోగి తప్పును గాయపరచకుండా ఎత్తిచూపడం వాటి పరిధిలోకి రావు. 2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి వికాస శిక్షణను సూచించింది. ఆ గంటలలో భాషకు ఎంత చోటు దక్కుతుందన్నది ఆలోచించదగిన విషయం.

పదవి మారగానే మూడు సంబంధాలు మారతాయి.

5.1 సహోద్యోగులతో సంబంధం: నిన్నటి వరకు పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుని సెలవు చీటీ నేడు మంజూరు కోసం బల్ల మీదికి వస్తుంది. తనకంటే వయస్సులో పెద్దవాడిని వివరణ అడగవలసి వస్తుంది. అనుబంధాన్ని నిలుపుకుంటూ నియమాన్ని పాటించడం ఇక్కడి సమస్య. జీతాల బిల్లు, సర్వీసు రిజిస్టర్, ఇంక్రిమెంటు వంటివి ఆయన సంతకం మీద నడుస్తాయి కనుక, ఆయన జాప్యం మరొకరి ఇంటి ఖర్చును తాకుతుంది.

5.2 తల్లిదండ్రులతో సంబంధం: 2009 విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలనీ, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలనీ నిర్దేశించింది. గల్ఫ్ వలస అధికంగా ఉన్న గ్రామాలలో ఈ నిబంధన చట్టం అడగకముందే వాస్తవం. తండ్రి దూరదేశంలో ఉన్న ఇంట్లో బడి వ్యవహారం చూసేది తల్లి, నానమ్మ లేదా అమ్మమ్మ. తరగతిలో 14 ఏళ్ల పిల్లలకు వివరించిన నేర్పు ఇప్పుడు ఈ పెద్దల ముందు అక్కరకు రావాలి.

5.3 కాగితంతో సంబంధం: ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ఇక్కడ రెండు స్థానిక ఉదాహరణలు చాలు.

మొదటిది బీడీ కార్మికుల పిల్లల ఉపకార వేతనం. కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఈ వేతనానికి జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పాఠశాల స్థాయిలో దానిని పరిశీలించి ధ్రువీకరిస్తేనే అది తదుపరి దశకు వెళుతుంది. గడువు దాటితే విద్యార్థి అర్హత ఉన్నా ఆ ఏడాది ప్రయోజనం చేజారుతుంది. తల్లి చేతివేళ్ల కష్టానికి దక్కవలసిన ఫలం ఒక పరిశీలన దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి దీనిని గుమాస్తా పనిగా తీసివేయలేము.

రెండవది ప్రవేశ రిజిస్టర్‌లోని పేరు. అందులోని పేరూ, పుట్టిన తేదీ పదో తరగతి నామినల్ రోల్స్‌లోకి, అక్కడి నుండి ధ్రువపత్రంలోకి చేరతాయి. పాస్‌పోర్టు సహా అనేక సందర్భాలలో ఆ పత్రం ఆధారమవుతుంది. వలస జీవితమున్న ప్రాంతంలో దాని విలువ చెప్పనక్కరలేదు. సమస్య ఇక్కడ పూర్తిగా భాషాశాస్త్ర సంబంధి. తెలుగు లిపిలో హ్రస్వదీర్ఘాల భేదం స్పష్టం. ఆంగ్ల లిపిలో అది నిలవదు. 'గంగారాం' అన్న పేరులోని దీర్ఘాలను ఒకరు ఒక అక్షరంతో, మరొకరు రెండక్షరాలతో రాయవచ్చు. 'నర్సయ్య'లోని ద్విత్వం ఒక పత్రంలో ఉండి, మరొక పత్రంలో జారిపోవచ్చు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరొకచోట పూర్తిగా ఉండవచ్చు. అంతేకాదు, ఉపాధ్యాయుని శిష్టభాషాభిరుచి కూడా ప్రమాదకారి కాగలదు. తల్లి పేరు 'లచ్చవ్వ' అని చెబితే దానిని 'లక్ష్మి' అని సంస్కరించి రాయడం సాహిత్యదృష్టితో సహజంగా తోచవచ్చు. కాని బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డులో 'లచ్చవ్వ' అనే ఉంటే ఆ రెండు పేర్లు పాలన దృష్టిలో ఇద్దరు మనుషులవి. తద్భవాలనూ మాండలిక రూపాలనూ గౌరవించాలని తరగతిలో చెప్పే పాఠానికి రిజిస్టర్‌లో ఇంతటి ఆచరణార్థం ఉంది.

6. రెండు వాక్యాలు: బోధనభాష, దస్త్రభాష

తెలుగు పాలనాపదజాలం మూడు పొరలుగా ఏర్పడింది. హాజరు, దరఖాస్తు, మంజూరు, బదిలీ, తనిఖీ, జమ వంటివి అరబీ, పారసీ మూలాల నుండి ఉర్దూ ద్వారా వచ్చినవి. ఫైలు, బిల్లు, సర్క్యులర్, రిజిస్టర్ ఆంగ్లం నుండి వచ్చినవి. ధ్రువపత్రం, పదోన్నతి, ఉపకార వేతనం సంస్కృతపదాలతో కల్పించుకున్నవి. వీటిలో మొదటి రెండు పొరలను ప్రజలు ఎప్పుడో సొంతం చేసుకున్నారు. అవగాహనకు అడ్డుపడేది పదాలకంటే ఎక్కువగా వాక్యనిర్మాణమే. ఉదాహరణ కోసం రూపొందించిన ఈ రెండు నోటీసులను పరిశీలించండి.

(అ) "విద్యార్థుల వివరములు నిర్ణీత నమూనాలో గడువులోగా సమర్పించబడవలెననియు, అట్లు సమర్పించబడని యెడల అట్టి దరఖాస్తులు పరిగణించబడవనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది."

(ఆ) "బీడీ కార్మికుల పిల్లల ఉపకార వేతనానికి తల్లి లేదా తండ్రి గుర్తింపు కార్డు, బ్యాంకు పాస్‌బుక్, విద్యార్థి ఆధార్ కార్డు నకళ్లు కావాలి. శుక్రవారం సాయంత్రం 4 గంటలలోపు తరగతి ఉపాధ్యాయునికి ఇవ్వండి. ఏ కాగితమైనా లేకపోతే ముందే వచ్చి చెప్పండి. అది ఎక్కడ దొరుకుతుందో మేము చెబుతాము."

మొదటి వాక్యంలో 'బడు' ప్రత్యయంతో కూడిన కర్మణి ప్రయోగం మూడుసార్లు వచ్చింది. ఎవరు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి, ఎవరు పరిగణించరు అన్న ప్రశ్నలకు జవాబు లేదు. 'తెలియజేయడమైనది' అన్న క్రియకు కర్తే లేడు. కర్త లోపించిన వాక్యంలో బాధ్యత కూడా లోపిస్తుంది. రెండవ నోటీసులో చేయవలసినవారు, చేయవలసిన పని, గడువు, సహాయం లభించే చోటు అన్నీ ఉన్నాయి. చివరి రెండు వాక్యాలలో ఉన్నది ఉపాధ్యాయుని అలవాటు. 'అర్థమైందా? కాకపోతే అడగండి' అనే తరగతి వాక్యమే ఇక్కడ నోటీసుగా మారింది.

ఇంతమాత్రాన దస్త్రభాష అనవసరమని చెప్పడం సరికాదు. పై అధికారికి పంపే నివేదికలో నిర్ణీత నమూనా, జీవో సంఖ్య, తేదీ తప్పనిసరి. రేపు తనిఖీకి వచ్చేవారికీ, పదేళ్ల తరువాత సర్వీసు రిజిస్టర్ తెరిచేవారికీ అది సాక్ష్యం. వ్యక్తి బదిలీ అయినా కార్యాలయానికి జ్ఞాపకం మిగిలేది దానివల్లనే. సమస్య పైకి పంపవలసిన భాషనే కిందికీ వాడటంలో ఉంది. ఎవరితో మాట్లాడుతున్నామో గుర్తించి వాక్యాన్ని మార్చుకోవడం ఉపాధ్యాయునికి తెలిసిన విద్యే. ఆరో తరగతికి చెప్పిన తీరులో పదో తరగతికి చెప్పడు. కుర్చీ మారినప్పుడు ఆ విద్యను తరగతిలోనే వదిలి రావడం వల్ల నష్టం జరుగుతుంది.

7. భాషోపాధ్యాయులు – పాలనావకాశం

ఈ చర్చకు ఒక వృత్తిపరమైన కోణం కూడా ఉంది. భాషా పండితుల పదవి చాలాకాలం స్కూల్ అసిస్టెంట్ స్థాయికి దిగువన ఉండేది. ప్రధానోపాధ్యాయ పదోన్నతి స్కూల్ అసిస్టెంట్ల నుండి జరిగేది కనుక, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే పండితునికి పాలనాద్వారం దూరంగానే ఉండిపోయింది. గణితం, భౌతికశాస్త్రం, సాంఘికశాస్త్రం బోధించే సహోద్యోగులకు తెరిచి ఉన్న మార్గం భాష బోధించేవారికి ఇరుకైంది. తెలంగాణలో పండితుల పోస్టులను స్కూల్ అసిస్టెంట్ స్థాయికి పెంచాలన్న డిమాండ్ సుదీర్ఘకాలం కొనసాగి, 2024లో పదోన్నతుల రూపంలో ఫలించింది.

దీని ఫలితం జీతభత్యాలకే పరిమితం కాదు. రానున్న కాలంలో భాషోపాధ్యాయులు ఎక్కువ సంఖ్యలో ప్రధానోపాధ్యాయ పదవికి చేరుకునే అవకాశం ఏర్పడింది. పాలన భాషామయమైనదని అంగీకరిస్తే, భాషలో శిక్షణ పొందినవారు ఆ పదవికి ప్రత్యేకమైన సామర్థ్యంతో వస్తారు. అయితే ఆ సామర్థ్యం తనంతట తాను పనిచేయదు. ఛందస్సు, అలంకారం, కావ్యచరిత్ర చదివిన వ్యక్తికి నోటీసు రాయడమూ ఒక రచనావిధానమేనని విశ్వవిద్యాలయం చెప్పి ఉండాలి. ఎం.ఏ. తెలుగు పాఠ్యప్రణాళికలో కార్యాలయ రచన, లిప్యంతరీకరణ, సరళ వాక్యనిర్మాణం అంశాలుగా ఒక ప్రశ్నపత్రం ఉండటం ఈ దృష్ట్యా అవసరం. అది ఉద్యోగార్థుల కోసం చేసే రాయితీ కాదు, భాషాధ్యయన పరిధిని వాస్తవానికి దగ్గరగా తేవడం.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలివి:

1. బోధన నుండి పాలనకు మారడమంటే వివరించే వాక్యం నుండి ఆదేశించే వాక్యానికి మారడం. ఈ మార్పును గుర్తించినవారు దానిని అదుపులో ఉంచుకోగలరు.

2. ఆచార్య సి. నారాయణరెడ్డి 26 ఏళ్ల బోధన తరువాత చేపట్టిన మూడు పదవులలోనూ భాషే కేంద్రాంశం. విషయజ్ఞానాన్ని విడిచిపెట్టకుండానే పాలనలో అడుగుపెట్టవచ్చుననడానికి ఆయన వృత్తిగమనం నిదర్శనం.

3. చందుర్తి వంటి ప్రాంతంలో ఒక ధ్రువీకరణ, ఒక అక్షరం, ఒక గడువు పిల్లల ఉపకార వేతనాన్నీ, కుటుంబాల ప్రయాణాలనూ నిర్ణయించగలవు. అందువల్ల కాగితపు పని బోధన కంటే తక్కువదనే భావన సరికాదు.

4. పై అధికారికి రాసే భాష, తల్లిదండ్రులకు రాసే భాష వేర్వేరుగా ఉండాలి. రెండవదానికి నమూనా తరగతి గదిలోనే ఉంది.

5. భాషోపాధ్యాయులకు తెరుచుకున్న పదోన్నతి మార్గానికి అనుగుణంగా విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు కార్యాలయ రచనను అధ్యయనాంశంగా స్వీకరించాలి.

'ప్రధానోపాధ్యాయుడు' అన్న సమాసంలో విశేష్యం ఉపాధ్యాయుడని మొదట గుర్తించాం. ఆ వ్యాకరణ సత్యం నోటీసు బోర్డు మీద, ప్రవేశ రిజిస్టర్‌లో, కమిటీ సమావేశంలో ఆచరణగా కనిపించినప్పుడే ఆ పదవి తన పేరుకు న్యాయం చేస్తుంది.